వెనక్కి చూడగాకు

దయ్యాలను చూడటానికి టికెట్టు కొనే కాలం వస్తుందని మా నాయనమ్మ జేజికి ఎవరైనా చెప్పి ఉంటే, చెప్పినవాళ్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి ఉండేది. ఆ టికెట్టు మా ఇంట్లోనే కొన్నారు. కొన్నది నా కూతురి కూతురు జెస్సీ. చెన్నైలో ఉద్యోగం చేసుకుంటున్న ఆ పిల్ల దగ్గర నాలుగు రోజులు ఉందామని నేను నంద్యాల నుంచి పోతే, శనివారం పూట కారులో కూర్చోబెట్టుకుని పుదుచ్చేరికి తీసుకుపోయింది. ఫ్రెంచివాళ్లు కట్టిన పాత వీధుల్లో చీకటి పడ్డాక నడిపిస్తూ, ఏ మేడలో ఏ దయ్యం ఉందో చెప్పే మనుషులు అక్కడ ఉన్నారట. "దయ్యాలకు దుడ్లు ఇస్తివా?" అన్నాను. "దయ్యాలకు కాదవ్వా, చూపించేటోళ్లకు," అంది. "కనపడకపోతే వాపసు ఇస్తారా మరి?" అని అడిగితే నా మోకాళ్లకు తైలం రాసి, మెత్తటి చెప్పులు తొడిగింది.

పసుపుపచ్చ గోడలు, గోడల మీది నుంచి వీధిలోకి ఒరిగిన కాగితప్పూలు, ఎక్కడా కనపడకుండా వినపడే సముద్రం. మాతో పాటు వచ్చినవాళ్లంతా జెస్సీ ఈడువాళ్లే. ముందు నడిచే గైడు చేతిలో పాతకాలపు లాంతరు, దాని లోపల బ్యాటరీ బల్బు. ఒక మేడ ముందు ఆగి, ఓడలో రావలసిన భర్త కోసం ఎదురుచూసి ఎదురుచూసి పోయిన ఒక దొరసాని ఇప్పటికీ దీపం పట్టుకుని మెట్లు దిగుతుందని ఇంగ్లీషులో చెప్పాడు. బాగానే చెప్పాడు, కాదనను. ఒక జీవితమంతా పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, గొంతు ఎక్కడ తగ్గిస్తే పిల్లలు దగ్గరికి జరుగుతారో నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే ఎవరి ఫోనో మోగింది. అందరూ కెవ్వుమని ఒకరి మీద ఒకరు పడి, ఆ వెంటనే కడుపు పట్టుకుని నవ్వారు. భయం వాళ్లకు ఐస్‌క్రీము లాగుంది. తిని మూతి తుడుచుకుంటే అయిపోయింది.

చివరి వీధి మొదట్లో గైడు లాంతరు పైకెత్తి ఒక మాట చెప్పాడు. ఇక్కడి నుంచి సముద్రం దాకా ఎవరూ వెనక్కి తిరిగి చూడకూడదట. చూస్తే ఇప్పటిదాకా మనం విన్నవాళ్లలో ఒకరు మన వెంటబడి ఇంటికి వస్తారట. పిల్లలంతా మెడలు బిగబట్టుకుని, నవ్వు ఆపుకుంటూ నడక మొదలుపెట్టారు. నేను కదల్లేకపోయాను. మోకాళ్లనుకుని జెస్సీ నా మోచెయ్యి పట్టుకుంది. మోకాళ్లు కాదు. ఆ మాట నేను మొదటిసారి విన్నప్పుడు నన్ను ఎవరో ఎత్తుకుని ఉన్నారు. నా ముఖం వాళ్ల భుజానికి అదిమి ఉంది. ముక్కు నిండా తడిమన్ను వాసన, సున్నం వాసన. "ఎనక్కి చూడగాకు తల్లీ, చూస్తే ఎంట వస్తాది," అని ఆ గొంతు నా చెవిలో చెప్పింది. మా అమ్మను పూడ్చిపెట్టి వస్తున్నాం అప్పుడు.

మేము నంద్యాలలో మిషను కాంపౌండులో ఉండేవాళ్లం. మా నాయన రుద్రవరం పక్కన ఒక పల్లెలో బడిపంతులు. శనివారం సాయంత్రం బస్సు దిగి, సోమవారం తెల్లవారుజామున మళ్లీ బస్సెక్కేవాడు. మిగతా రోజులన్నీ నాపరాళ్లు పరిచిన ఆ చిన్న ఇంట్లో నేనూ, నాయనను కన్నతల్లి మా జేజీ. తెల్లవారకముందే జొన్నరొట్టె తట్టే చప్పుడుతో నాకు మెలకువ వచ్చేది. కట్టెపొగ, కాలే రొట్టె, రోట్లో నూరిన ఎర్రకారం, ఈ మూడూ కలిసి మా ఇంటికి ఒక వాసన ఉండేది. ఇన్నేళ్లలో ఎన్ని వంటిళ్లు తిరిగినా మళ్లీ ఆ వాసన తగల్లేదు. జేజి రొట్టె తడుతూ కీర్తన పాడేది. రొట్టె తిరగేసేటప్పుడు పాట ఆపి, తిరగేశాక ఆపిన చోటే అందుకునేది. కాంపౌండులో ఆమె ప్రార్థనకు ఎంత పేరో, ఆమె కారానికీ అంత పేరు. మా అమ్మ కోడలిగా వచ్చిన రోజు మొదటి ముద్దకే కళ్లనీళ్లు పెట్టుకుందట. "మీయమ్మకు కారెం పడదు. ఆళ్లగడ్డోళ్లంతా అంతే, చప్పిడి నోర్లు," అని జేజి తేల్చేసేది. ఆళ్లగడ్డవాళ్లు మాకంటే ఒక పాలు ఎక్కువే తింటారని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది.

కాంపౌండు చివర, వేపచెట్ల వెనక దొరలు కట్టుకున్న రాతి బంగ్లా ఉండేది. బంగ్లా వెనక సమాధుల తోట. ఆ తోటలో ఒక మూల, అక్షరాలు అరిగిపోయిన ఒక దొరసాని సమాధి. రాత్రిళ్లు ఆ దొరసాని తెల్లగౌను వేసుకుని, లాంతరు పట్టుకుని బంగ్లా వరండాలో తిరుగుతుందని కాంపౌండు పిల్లలకు గట్టి నమ్మకం. చూసినవాళ్లు ఒక్కరూ లేరు. చూసినవాళ్లు తమకు తెలుసనేవాళ్లు మాత్రం ఇంటికి ఒకరు. జేజి కొట్టిపారేసేది. "సచ్చిపోయినోళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతాండారు. ఆయమ్మకు ఈడ తిరిగే పనేముండాది?" అనేది. అంత నమ్మకం ఉన్న మనిషే, ఎవరిని మట్టి చేసి వచ్చినా గడప బయట బిందెడు నీళ్లు పెట్టి, కాళ్లు కడుక్కోనిదే లోపలికి అడుగు పెట్టనిచ్చేది కాదు. తోట నుంచి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి చూడనిచ్చేది కాదు. "ఎవురూ రారంటివి గదా జేజీ, మరి చూస్తే ఏమైతాది?" అని ఒకసారి అడిగాను. "నోర్మూసుకుని కాళ్లు కడుక్కో," అంది. ఆమె వేదాంతం అంతటితో సరి.

మా అమ్మ రెండో కాన్పుకు పుట్టిల్లు ఆళ్లగడ్డకు పోయి, అక్కడే పోయింది. పుట్టినబిడ్డ కూడా దక్కలేదు. ఆ ఊరి తోటలోనే ఇద్దరినీ ఒక్కచోట పెట్టారు. శవం ఇంట్లో ఉండగానే రెండు వైపులా మాటలు తెగిపోయాయట. మా పిల్లను పనితో అరగదీస్తిరని వాళ్లు, నొప్పులొస్తే బేగ ఆసుపత్రికి తీసుకుపోకుండా మంత్రసానిని నమ్ముకుని కూర్చుంటిరని మా జేజి. ఇంక ఆ ఊరి నీళ్లు తాగితే నేను మనిషినే కాదని ఒట్టు పెట్టుకుని, నన్ను చంకనేసుకుని వచ్చేసింది. అప్పటికి నాకు మాటలు అప్పుడప్పుడే సరిగా వస్తున్నాయి. అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. ఇంట్లో పెళ్లిఫొటో ఒకటి ఉండేది గానీ, పెళ్లికూతురు సిగ్గుతో తల వంచుకుని ఉండటం వల్ల అందులో పాపిట తప్ప ఏమీ కనపడదు. ఎన్ని మధ్యాహ్నాలు ఆ ఫొటోను, కిందినుంచి పైకి చూస్తే ముఖం కనపడుతుందేమోనని, తలకిందులుగా పట్టుకున్నానో.

ఇంత చిన్న బుర్రతో నేను ఒక లెక్క వేసుకున్నాను. వెనక్కి చూస్తే వెంట వస్తుందని కదా ఆ రోజు చెప్పారు. నేను చెప్పిన మాట వినే పిల్లను, చూడలేదు. చూడలేదు కాబట్టే అమ్మ రాలేదు. నేను ఒక్కసారి తల తిప్పి ఉంటే నాతోపాటు నంద్యాలకు వచ్చేసి ఉండేది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే జేజి ప్రార్థన పెట్టిస్తుందని భయం. కానీ ఆ తర్వాత కాంపౌండులో ఎవరు పోయినా పెద్దవాళ్ల వెనక తోటకు పోయి, తిరిగి వచ్చేటప్పుడు దొంగచాటుగా వెనక్కి చూసేదాన్ని. ఆళ్లగడ్డ తోటకూ మా తోటకూ లోపల ఎక్కడో దారి ఉండకపోతుందా అని ఆశ. అమ్మ రాకపోతే, చివరికి ఆ దొరసాని వచ్చినా సరే అనుకునేదాన్ని. ఆమె అంటే నాకు భయం ఉండేది కాదు. ఏటా నవంబరులో సమాధుల పండుగ వస్తే, అందరూ తమతమవాళ్ల సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగించేవారు. వెలిగించడానికి నాకు అక్కడ ఎవరూ లేరు. జేజి నా కొవ్వొత్తిని దొరసాని మీద పెట్టించేది. "ఆయమ్మకు పిల్లల్లేరు, నీకేమో..." అని ఆగిపోయి, "పో, గాలికి ఆరిపోకుండా చూస్కో," అనేది.

దొంగతనం ఎన్నాళ్లో దాగదు కదా. ఒకరోజు మా పక్కింటి మరియమ్మత్త వాళ్ల మామగారిని పూడ్చి వస్తున్నాం. ఆ రోజు నేను దొంగచూపు కూడా కాదు, నిలబడి, పూర్తిగా వెనక్కి తిరిగి, చూడాల్సినంతసేపు చూశాను. మరియమ్మత్త గుండె బాదుకుంది. "ఓ పెద్దమ్మా, నీ మనమరాలు ఎనక్కి చూస్తాండాది! మా మామను ఇంటికి తెస్తాండాది!" అని తోటంతా వినపడేటట్టు కేకపెట్టింది. ఆ ముసలాయన బతికినన్నాళ్లూ అత్తకు చుక్కలు చూపించినవాడు, ఆమె భయంలో న్యాయం ఉంది. జేజి నన్ను రెక్క పట్టుకుని ఇంటికి లాక్కొచ్చి, బిందె నీళ్లు మొత్తం నెత్తిన గుమ్మరించి, వీపు మీద రెండు వేసింది. "ఏందీ నీ పొగరు? ఎవుర్ని రమ్మని చూస్తివే?" అంది. చలికి పళ్లు కొట్టుకుంటూ నిజం చెప్పేశాను. "అమ్మను. ఆ పొద్దు నేను చూళ్లేదు గదా, దానికే రాలా."

మూడో దెబ్బకు లేచిన చెయ్యి అట్లనే ఆగింది. జేజి నా వైపు చూడకుండా కొంగుతో నా తల తుడిచింది. చాలాసేపు తుడిచింది, తడి ఎప్పుడో ఆరిపోయినా తుడుస్తూనే ఉంది. ఆ రాత్రి ప్రార్థనలో అందరి పేర్లూ చెప్పి నా పేరు దగ్గర ఆగింది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. ఆమె ఏడుస్తూ నాకు కనపడటం అదే మొదలు.

ఆ ఏడు సమాధుల పండుగ నాడు జేజి పొద్దున్నే సద్దన్నం మూటకట్టి, కొవ్వొత్తులు సంచిలో వేసుకుని, "పదే," అంది. ఎక్కడికని అడగలేదు. బస్సు శిరివెళ్ల దాటాక ఎడమచేతి వైపు నల్లమల కొండలు వరసగా కనపడుతుంటే తెలిసింది. ఆళ్లగడ్డలో దిగేసరికి రాళ్లు చెక్కే శిల్పుల ఉలుల చప్పుడు. ఒక కొట్టం ముందు సగం చెక్కిన వినాయకుడి పక్కనే ఒక రాతి సిలువ ఆనించి ఉంది. జేజి ఆ ఊళ్లో తల వంచుకుని నడిచింది. మామూలుగా ఆమె నడిస్తే కుక్కలు పక్కకు తప్పుకునేవి. తోటలో మా మామ, మా అమ్మ అన్న, పంచె ఎగగట్టి ఒక సమాధికి సున్నం కొడుతున్నాడు. మమ్మల్ని చూసి చీపురు పక్కన పెట్టి లేచాడు.

"ఏందీ, ఇప్పటికి దావ తెలిసిందా?" అన్నాడు. ఆ గొంతు వినగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. ఎనక్కి చూడగాకని నా చెవిలో చెప్పిన గొంతు అదే.

"తెలిసింది లేప్పా," అంది జేజి. "ఆ సున్నం ఇటియ్యి. ఈ పక్క నేను కొడతా."

మామ సున్నపు కుండ ఆమె వైపు జరిపాడు. ఇద్దరూ చెరో పక్క కూర్చుని మా అమ్మ సమాధి నాలుగు వైపులా తెల్లగా చేశారు. పని అయ్యాక మామ చెంబుతో నీళ్లు తెచ్చి నిలబడ్డాడు. ఒట్టు సంగతి ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. జేజి ఆ చెంబు అందుకుని గటగటా తాగి, మూతి తుడుచుకుని, "నీళ్లు తియ్యగుండాయి," అంది. మామ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేను కొవ్వొత్తి వెలిగించాను. గాలికి ఆరితే మళ్లీ వెలిగించాను. ఎందుకో తెలియదు గానీ, అమ్మతో ఏం చెప్పాలో ఎన్నో రోజులుగా అనుకున్న మాటల్లో అక్కడ కూర్చునేసరికి ఒక్కటీ గుర్తురాలేదు. సున్నం ఇంకా పచ్చిగా ఉంది. దాని మీద చెయ్యి పెట్టి ఊరికే కూర్చున్నాను.

తిరిగి వచ్చేటప్పుడు జేజి ముందు నడుస్తోంది. తోట గేటు దగ్గర ఆగింది. నా వైపు తిరగకుండానే, "చూస్కో," అంది. నాకు అర్థం కాలేదు. "చూస్కోవే, ఎంతసేపు కావాలంటే అంతసేపు. నేనీడ్నే ఉంటా." అప్పుడు వెనక్కి తిరిగాను. పొద్దు గుంకుతోంది. వరసగా కొవ్వొత్తులు, మామ వంగి పూలు సర్దుతున్న వీపు, కొండల మీద ఎరుపు. చూసినంతసేపు చూశాను. ఎవరూ రాలేదు. ఆ సంగతి జేజికి చెప్పలేదు, ఆమె అడగలేదు కూడా.

ఇల్లు చేరేసరికి చీకటి పడింది. పొద్దున్నే జేజి నింపిపెట్టిన బిందె గడప పక్కనే ఉంది. అలవాటుగా నేను చెంబు ముంచబోతే జేజి నా చెయ్యి పట్టుకుంది. "ఈ పొద్దు కడుక్కోవద్దు. అట్లనే రా లోపలికి." పొయ్యి వెలిగించి, రొట్టెలు తట్టి, పప్పు వెచ్చజేసి, పళ్లాలు పెట్టింది. నాకొకటి, తనకొకటి. తర్వాత గూట్లో నుంచి ఇంకో పళ్లెం తీసి, కొంగుతో తుడిచి, నా పక్కన పెట్టింది. అందులో రెండు రొట్టెలు, పప్పు వేసింది. కారం ముద్ద వేయబోయి, గిల్లి, ఇంత తీసి మళ్లీ రోట్లో పడేసింది. "చూస్తివి గదా," అంది నాతో. "వచ్చింటాది. దూరం నుంచి వచ్చింటాది, ఆకలైతాంటాది." సచ్చిపోయినోళ్లు ప్రభువు దగ్గర నిద్రపోతాండారని కాంపౌండంతటికీ చెప్పే మనిషి ఆ మాట అంది. ఆ రాత్రి నేను ఆ పళ్లెం పక్కనే, దానికి తగిలీ తగలకుండా కూర్చుని తిన్నాను. నా జీవితంలో అంత కడుపు నిండా ఎన్నడూ తినలేదు.

తెల్లారి లేచేసరికి మూడో పళ్లెం కడిగి బోర్లించి ఉంది. "తినిందా జేజీ?" అన్నాను. "తినింది," అంది జేజి రొట్టె తడుతూ. "అంత తగ్గించినా ఇంకా కారెం ఎక్కువైందనింది. దాని నోటికి నేను జన్మలో వండలేను తల్లీ." ఏడాదికొకసారి, సమాధుల పండుగ రాత్రి, జేజి బతికున్నన్నాళ్లూ మా ఇంట్లో మూడు పళ్లాలే. నేను పెద్దదాన్నై, అన్నీ తెలిసిన వయసుకు వచ్చాక కూడా, పొద్దున్నే అదే మాట అడిగేదాన్ని, ఆమె అదే మాట చెప్పేది.

ఇప్పుడు కాంపౌండులో బంగ్లాకు తాళం. సమాధులన్నీ నున్నటి గ్రానైటు, సున్నం కొట్టే పనే లేదు. తోటంతా లైట్లు వేశారు, మరియమ్మత్త మామగారు రావాలన్నా సిగ్గుపడతాడు. జేజి అక్కడే ఉంది, నాయన ఆమె పక్కన. ఇంట్లో మనిషి పోతే ఇప్పుడు పిల్లలు కాళ్లు కడుక్కోరు, శానిటైజరు రాసుకుంటారు. వెనక్కి చూడొద్దని వాళ్లకు ఎవరూ చెప్పరు, చూడాలని వాళ్లకూ ఉండదు. అది తప్పని నేననను. కానీ దయ్యం వస్తే బాగుండునని ఎదురుచూసిన పిల్ల ఒకతి ఉండేదని, ఆ పిల్ల కోసం ఒక ముసలామె తన నమ్మకాన్నీ ఒట్టునూ రెండింటినీ పక్కన పెట్టిందని తలుచుకుంటే, ఆ ఇంటి వాసన కోసం నాకు ప్రాణం కొట్టుకుంటుంది. ఒక్క పూట, ఒక్క రొట్టె కాలేంతసేపు అక్కడ ఉంటే చాలు.

పుదుచ్చేరిలో ఆ చివరి వీధిలో నేను వెనక్కి తిరిగి చూశాను. పసుపు దీపాల కింద వీధి ఖాళీగా ఉంది. కాగితప్పూలు కొన్ని గాలికి దొర్లుతున్నాయి. అప్పుడు నాకు ఇంతకుముందెన్నడూ రాని భయం వేసింది. పోయేనాటికి మా అమ్మకు జెస్సీ ఈడు కూడా లేదు. ఆమె ఈ వీధిలో వస్తే, ఈ నెరిసిన జుట్టు, ఈ కళ్లద్దాలు, ఈ వంగిన నడుము చూసి, ఎవరో ముసలమ్మ అనుకుని పక్కనుంచి వెళ్లిపోదూ? నన్ను ఎట్లా గుర్తుపడుతుంది? సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూర్చుని ఇదంతా జెస్సీకి చెప్పాను. ఆ పిల్ల ఫోను బ్యాగులో పెట్టేసి, నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వింది. "గుర్తుపడుతుందిలే అవ్వా," అంది చివరికి. "నువ్వొక్కదానివే గదా ఎనక్కి చూసినేది."

ఆకలేసి, దగ్గర్లో ఒక చిన్న హోటల్లో కూర్చున్నాం. సర్వరు వచ్చి ఎన్ని ప్లేట్ల ఇడ్లీ అని అడిగాడు. జెస్సీ నా ముఖం కేసి ఒకసారి చూసి, అతనికి మూడు వేళ్లు చూపించింది. నేను నీళ్లు తాగి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నాలుగో వేలు కూడా లేపాను.

"నాలుగెందుకవ్వా?"

"ఈ చీకట్లో మా అమ్మను మా జేజి ఒక్కదాన్నే పంపదే," అన్నాను. "ఒక ప్లేట్లో మాత్రం కారం వెయ్యొద్దని చెప్పు."